కొలరాడోలో కొండల నుంచి గడ్డిబీళ్ల దాకా

డెన్వర్ నుంచి ఇంటర్‌స్టేట్ 25 మీద ఉత్తరానికి పోతుంటే ఎడమచేతి వైపు రాకీ పర్వతాలు, కుడిచేతి వైపు గడ్డి మైదానం. ఎడమవైపు నేల ఉన్నట్టుండి నిలువునా లేస్తుంది. కుడివైపు నెబ్రాస్కా, కాన్సాస్ దాకా అలా సాగిపోతూనే ఉంటుంది. ఇక్కడున్న తెలుగువాళ్లం వీకెండ్ వస్తే ఎడమకే తిరుగుతాం. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినా, టెక్సస్ నుంచి స్నేహితులు వచ్చినా తీసుకెళ్లేది కొండల్లో ఉన్న ఎస్టెస్ పార్కు అనే ఊరికే. కెమెరా కొన్న కొత్తలో నేనూ అటే వెళ్లేదాన్ని. ఇప్పుడు నా హార్డ్ డిస్కులో ఎక్కువ చోటు కుడివైపు నేలదే. అలా ఎందుకైందో, రెండు చోట్లా ఫోటోలు తీయడం ఎలా ఉంటుందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు కొండల సంగతి. ఇక్కడ మొదట తెలుసుకోవాల్సింది వెలుతురు ఎటునుంచి వస్తుందన్నది. కొండలు మనకు పడమరన ఉన్నాయి. కాబట్టి పొద్దున సూర్యుడు మైదానం మీద లేచి తిన్నగా శిఖరాల ముఖాన పడతాడు. సాయంత్రం మాత్రం త్వరగా కొండల చాటుకు వెళ్లిపోతాడు. ఫోన్‌లో సూర్యాస్తమయం టైమ్ చూసుకుని బయల్దేరితే, మనం చేరేసరికి లోయంతా నీడ కమ్మేసి ఉంటుంది. అందుకే ఇక్కడ ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లకు అసలు పని తెల్లవారుజామునే. 14,259 అడుగుల లాంగ్స్ పీక్ కొమ్ము మీద సూర్యోదయానికి కాస్త ముందు గులాబి రంగు దిగుతుంది. అది కొన్ని నిమిషాలే. తర్వాత నారింజ, ఆ తర్వాత మామూలు పగలు.

రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోకి మే చివరి నుంచి అక్టోబరు మధ్య వరకు టైమ్డ్ ఎంట్రీ పర్మిట్, అంటే ఫలానా వేళకు లోపలికి వస్తామని ముందే తీసుకునే అనుమతి, కావాలి. అది దొరకడం ఒక టెన్షన్. అయితే బేర్ లేక్ రోడ్డు వైపు తెల్లవారుజామున 5 గంటల లోపు గేటు దాటితే పర్మిట్ అక్కర్లేదు. ఈ వేళలు ఏటా ఒకసారి చూసుకోవాలి. ఫోటోలు తీసేవాళ్లు ఎలాగూ చీకట్లోనే వెళ్తారు కాబట్టి మాకు ఇది పెద్ద అడ్డంకి కాలేదు. రెండున్నరకు లేవడం, ఫ్లాస్కులో టీ పోసుకోవడం, డెన్వర్ నుంచి దాదాపు రెండు గంటల డ్రైవింగ్. స్ప్రేగ్ లేక్ తూర్పు గట్టు మీద ట్రైపాడ్ పెట్టుకుంటే హాలెట్ పీక్, ఫ్లాట్‌టాప్ మౌంటెన్ నీళ్లలో కనిపిస్తాయి. గాలి లేస్తే ప్రతిబింబం చెదిరిపోతుంది. సాధారణంగా సూర్యుడు వచ్చిన కాసేపటికే గాలీ లేస్తుంది.

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ఎల్క్‌ల, అంటే ఇక్కడి పెద్ద దుప్పుల, జతకాలం. మొరైన్ పార్క్ పచ్చికలో మగ ఎల్క్ మెడ చాచి అరిచే అరుపు మొదటిసారి విన్నప్పుడు అంత పెద్ద జంతువు గొంతులోంచి అంత సన్నని ఈల ఎలా వస్తుందా అనిపించింది. వేటాడి వేటాడి ఈ ప్రాంతంలో ఎల్క్‌లు లేకుండా చేశారు. ఇప్పుడున్న మందల్లో చాలా భాగం 1913, 1914లో ఎల్లోస్టోన్ నుంచి తెచ్చి వదిలినవాటి సంతతి. జతకాలంలో సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున దాకా పచ్చికలోకి మనుషులు దిగకూడదు. రోడ్డు మీదే ఉండాలి. మామూలుగా కూడా ఎల్క్‌కు కనీసం 75 అడుగులు, మూస్‌కు, ఎలుగుబంటికి 120 అడుగులు దూరం ఉండాలన్నది పార్కు నియమం. నా దృష్టిలో ఇది ఫోటోకు కూడా మేలు చేసే నియమమే. దగ్గరికి పోతే జంతువు మన వైపు చూస్తుంది, చెవులు బిగిస్తుంది, మేత ఆపేస్తుంది. అప్పుడు మనం తీసేది దాని బతుకును కాదు, దాని భయాన్ని.

కొండల మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పికా. ఇదే పార్కులోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు చెట్లు పెరిగే ఎత్తు దాటి 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. అక్కడ రాళ్ల గుట్టల మధ్య ఉంటుంది ఈ పికా. కుందేలుకు చుట్టమే, గుప్పెడంత ఉంటుంది, గుండ్రటి చెవులు, తోక బయటికి కనబడదు. చలికాలమంతా నిద్రపోయే రకం కాదు. అందుకని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గడ్డి, పువ్వులు కోసి రాళ్ల సందుల్లో వామి వేసుకుంటుంది. దాన్ని తరుముతూ పరిగెత్తితే ఒక్క ఫోటో కూడా రాదు. ఒక రాయి మీద కదలకుండా కూర్చుంటే చాలు, అది మళ్లీ మళ్లీ ఒకే దారిన వస్తుంది. నోటికి అడ్డంగా పసుపు పూల కాడలు కరుచుకుని, ఒక రాయి అంచున అర సెకను ఆగి, కిందికి చూసి, దూకుతుంది. ఆ రాయి అంచు మీదే ముందుగా ఫోకస్ పెట్టుకుని ఉండాలి. కూర్చునేది మాత్రం రాయి మీదే, మొక్కల మీద కాదు. ఆ ఎత్తులో అరంగుళం మొక్క పెరగడానికి ఏళ్లు పడుతుంది, ఒక్క అడుగు పడితే పోతుంది. ఇంకో మాట, జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం దాటితే అక్కడ ఉరుములు, పిడుగులు. చెట్టు చేమ లేని చోట ట్రైపాడ్ పట్టుకుని నిలబడితే అందరికన్నా ఎత్తుగా ఉండేది మనమే. ఆకాశం ఎంత అందంగా ఉన్నా పన్నెండు లోపు కిందికి దిగిపోవాలి.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ కొండ ఫోటోలో ఒక సంగతి ఉంది. కొండ తన అందం తానే చూపిస్తుంది. మనం సరైన టైముకు సరైన చోట ఉంటే సగం పని అయిపోయినట్టే. గడ్డి నేల అలా కాదు. అక్కడ ఏం బతుకుతోందో, ఎప్పుడు బయటికి వస్తుందో తెలియకపోతే అసలు ఏమీ కనబడదు. నన్ను పట్టేసింది అదే.

మైదానం వైపు నా మొదటి అడుగు రాకీ మౌంటెన్ ఆర్సెనల్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ అనే అభయారణ్యం. పేరు పెద్దదే గానీ డెన్వర్ ఎయిర్‌పోర్టుకు పోయే దారి పక్కనే కామర్స్ సిటీలో ఉంది. దాదాపు 15,000 ఎకరాలు. లోపల 11 మైళ్ల వైల్డ్‌లైఫ్ డ్రైవ్, టికెట్ లేదు. ఈ నేల చరిత్ర తెలిసి చూస్తే ఇక్కడి ప్రతి ఫోటోకు వేరే బరువు వస్తుంది. 1942లో, రెండో ప్రపంచయుద్ధ కాలంలో, సైన్యం ఇక్కడ రసాయన ఆయుధాల కర్మాగారం పెట్టింది. తర్వాత పురుగుమందులు కూడా తయారయ్యాయి. నేల, భూగర్భజలం విషమయ్యాయి. మనుషులు రాని ఆ కంచె లోపల 1986లో బాల్డ్ ఈగిల్ గద్దలు రాత్రి మకాం వేస్తున్నట్టు గమనించారు. అక్కడి నుంచి కథ మారింది. 1992లో చట్టం చేసి రెఫ్యూజ్ కింద మార్చాలని నిర్ణయించారు. ఏళ్ల తరబడి నేల శుభ్రం చేశారు. 2007లో బైసన్‌లను, అంటే అమెరికా అడవి దున్నలను, తెచ్చి వదిలారు. ఒకప్పుడు ఈ ఖండంలో కోట్ల సంఖ్యలో తిరిగిన బైసన్ 19వ శతాబ్దం చివరికి వెయ్యి లోపు మిగిలింది. ఆ మిగిలిన కొద్దిపాటి నుంచి వచ్చినవే ఇవి.

బైసన్ తిరిగే భాగంలో కారు దిగకూడదు. కాబట్టి కారే మన మాటు. కిటికీ అంచు మీద సోనామసూరి బియ్యం నింపిన గుడ్డ సంచి వేసి దాని మీద లెన్స్ పెడతాను. ఏ ట్రైపాడూ దానికి సాటిరాదు. చలికాలంలో ఇంకో కిటుకు ఉంది. కారులో హీటర్ వేసుకుని ఒక్క కిటికీ మాత్రం దించి ఫోటో తీస్తే, లోపలి వేడి గాలి ఆ కిటికీలోంచే బయటికి పోతూ లెన్స్ ముందు అల్లాడుతుంది. ఎంత మంచి లెన్సయినా బొమ్మ మెత్తబడుతుంది. లెన్సులో లోపమనుకుని సర్వీసుకు పంపినవాళ్లు కూడా నాకు తెలుసు. హీటర్ ఆపి, కిటికీలు దించి, లోపలా బయటా ఒకే చలి అయ్యేదాకా ఆగాలి. చేతులు కొంకర్లు పోతాయి. స్పేర్ బ్యాటరీ జాకెట్ లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. మంచు తెల్లగా రావాలంటే కెమెరా చెప్పినదానికన్నా ఒక స్టాప్ పైగా, అంటే రెట్టింపుకు మించి, వెలుతురు ఇవ్వాలి, లేకపోతే మంచు బూడిద రంగుకు దిగుతుంది. ఇంటికి రాగానే కెమెరాను బ్యాగ్‌లోంచి తీయకూడదు. తీస్తే క్షణాల్లో చెమ్మ పట్టేస్తుంది. జిప్ కవర్లో పెట్టి, అది గది వేడికి వచ్చేదాకా వదిలేస్తాను.

జనవరిలో ఒక పొద్దున చూసినది చెబుతాను. రాత్రంతా మంచు కురిసి ఆగింది. రోడ్డుకు కొద్ది గజాల్లో ఒక ఆడ బైసన్ మేస్తోంది. మేయడం అంటే వంగి తినడం కాదు. తలను లోలకంలా ఎడమకీ కుడికీ ఊపుతూ మంచును చిమ్ముతోంది. ఆ మూపురం అంతా కండే, అంత బరువైన తలను ఊపడానికే ఉంది. నాలుగైదు ఊపులకు కింద ఎండుగడ్డి కనబడింది. తల ఎత్తినప్పుడు ముఖమంతా మంచు గడ్డకట్టి ఉంది. కనురెప్పల వెంట్రుకల కొసల మీద చిన్న చిన్న తెల్లటి గింజలు. ముక్కు మీది మంచు మాత్రం ఊపిరి వేడికి కరిగి, నల్లగా తడిగా మెరుస్తోంది. పక్క నుంచి ఎండ పడుతోంది కాబట్టి ఊపిరి వదిలినప్పుడల్లా ఆవిరి బంగారు రంగులో లేచింది. దాని వెనక, దూరంగా, మసగ్గా డెన్వర్ డౌన్‌టౌన్ భవనాలు, ఇంకా వెనక కొండలు. బైసన్ తోక మీద ఒక కన్ను వేసి ఉంచాలి. తోక నిటారుగా లేచిందంటే అది చిరాకులో ఉన్నట్టు. దూరం జరగాలి. చూడడానికి మందంగా ఉంటుంది గానీ గంటకు 35 మైళ్ల వేగంతో పరిగెత్తగలదు.

ఆర్సెనల్‌కు కంచె ఉంది, దారి ఉంది. పానీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ అలా ఒక కంచె లోపల ఉండదు. డెన్వర్‌కు ఈశాన్యాన వెల్డ్ కౌంటీలో ఉంది. దాదాపు 1,93,000 ఎకరాలు, అదీ ఒకే చోట కాదు. మ్యాప్‌లో చూస్తే చదరంగం బల్లలా ప్రభుత్వ భూమి, ప్రైవేటు భూమి కలగలిసి ఉంటాయి. అందుకే ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. సిగ్నల్ ఉండదు. ఎవరి పొలంలోకి అడుగుపెడుతున్నామో తెలిసి ఉండాలి. వాన పడితే మట్టిరోడ్లు జిగురుబురద అవుతాయి, నాలుగు చక్రాలకూ పవర్ ఉన్న బండి కూడా జారుతుంది. 1930లలో దున్నిన నేలంతా కరువుకు దుమ్మై లేచిపోయినప్పుడు, దివాలా తీసిన రైతుల దగ్గర ప్రభుత్వం కొన్న భూములివి. మళ్లీ గడ్డి పెంచారు. ఇప్పుడు కనిపించే బ్లూ గ్రామా, బఫెలో గడ్డి అలా తిరిగి వచ్చినవే.

ఇక్కడి గడ్డి చీలమండ దాటదు. నిలబడి తీస్తే కింద గోధుమ రంగు పట్టీ, పైన నీలం పట్టీ, అంతే. బోర్లా పడుకుని కెమెరాను నేలకు ఆనిస్తే గడ్డికంకులు ఆకాశాన్ని తాకుతాయి, నేల మీది ప్రతి మిట్టా పల్లమూ బయటపడుతుంది. పడుకునే ముందు త్రాచుల కోసం కాదు గానీ ర్యాటిల్‌స్నేక్ కోసం చుట్టూ చూసుకోవాలి. జూన్‌లో మధ్యాహ్నం దాటాక మేఘాలు గోపురాల్లా లేస్తాయి. ఆ మేఘం కింద నేలను సన్నగా, అడుగున ఒక గీతంత ఉంచి తీసిన ఫోటోలే నా మైదానం ఫోటోల్లో మేలైనవి. ఆ దిగంతం మీద గాలిమరలు, ఆయిల్ పంపులు కూడా ఉంటాయి. చాలామంది వాటిని ఎడిటింగ్‌లో తీసేస్తారు. నేను ఉంచుతాను. జింకలాంటి ప్రాంగ్‌హార్న్ ఆ పంపుల పక్కనే మేస్తోంది, ఉన్నది ఉన్నట్టు కనబడాలి.

ప్రాంగ్‌హార్న్ ఈ ఖండంలో అన్నిటికన్నా వేగంగా పరిగెత్తే జంతువు, గంటకు 55 మైళ్ల దాకా అందుకుంటుంది. అంత వేగమున్న జంతువు కంచె ముందు ఆగిపోతుంది. చెంగున దూకడం దానికి అలవాటు లేదు. ముళ్లతీగ కిందినుంచి దూరి పోతుంది, వీపు గీరుకుపోయి వెంట్రుకలు తీగకు చిక్కుకుంటాయి. కొందరు పశువుల రైతులు అట్టడుగు తీగను కాస్త ఎత్తి, ముళ్లు లేని తీగ వేస్తున్నారు. నా దగ్గర ప్రాంగ్‌హార్న్ పరిగెత్తే ఫోటోలు చాలా ఉన్నాయి. వాటన్నిటికన్నా ఎక్కువగా నేను చూపించేది మోకాళ్ల మీద వంగి తీగ కింద తల దూర్చిన ఒక ఫోటో. ఎండాకాలంలో మరో ఇబ్బంది ఉంది. పొద్దున తొమ్మిది దాటాక నేల నుంచి సెగ లేచి దూరాన ఉన్నవన్నీ నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. 600 ఎంఎం లెన్స్ పెట్టినా లాభం లేదు. అప్పుడు కెమెరా మూసేసి, బొరియ గుడ్లగూబల గుంతలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటాను. అవి ప్రైరీ డాగ్‌లు (పేరుకే డాగ్, ఉడతకు చుట్టం) తవ్విన బొరియల్లోనే కాపురం పెడతాయి.

ఈ ఫోటోలు ఇంటికి పంపితే మా నాయన వీడియో కాల్‌లో అన్నాడు: "ఏం పాపా, మొన్న కొండలు పంపితివి, ఎంత బాగుండె. ఈ బీడు ఏందిమ్మా, మన నందికొట్కూరు పక్కన లేదా ఏంది?" మాది కర్నూలు వైపు. అప్పుడు నేను ఆయనకు గ్రేటర్ ప్రైరీ చికెన్ అనే గడ్డినేల అడవికోడి ఫోటోలు చూపించాను.

అది వ్రే అనే ఊరి దగ్గర తీసినది. డెన్వర్‌కు తూర్పున మూడు గంటల దూరం, నెబ్రాస్కా సరిహద్దు పక్కన. అక్కడి ఇసుక నేలల మీద సేజ్ పొదలు, గడ్డి కలిసి పెరుగుతాయి. 1970ల నాటికి కొలరాడోలో ఈ కోళ్లు కొన్ని వందలకు పడిపోయాయి. దగ్గర బంధువైన హీత్ హెన్ అనే పక్షి తూర్పు తీరంలో 1932లో పూర్తిగా అంతరించింది కూడా. ఇక్కడ మాత్రం పశువుల రైతులు, వన్యప్రాణి శాఖ కలిసి గడ్డిని కాపాడడంతో మళ్లీ వేలకు చేరాయి. పక్షులు ఆడే చోటు ఎవరిదో ఒకరి సొంత పొలంలో ఉంటుంది. వాళ్ల అనుమతితో, వసంతంలో కొన్ని పొద్దులు మాత్రమే మనుషులను తీసుకెళ్తారు. ముందే బుక్ చేసుకోవాలి.

చీకట్లోనే ట్రైలర్ లాంటి మాటులో కూర్చోబెట్టారు. ఫోన్లు ఆపేయాలి. ఫ్లాష్, కెమెరా ముందు వెలిగే ఫోకస్ దీపం ఆపేయాలి, షటర్ సైలెంట్‌లో పెట్టాలి. పక్షులు తమంతట తాము వెళ్లిపోయేదాకా ఎవరూ బయటికి అడుగు పెట్టకూడదు. ముందు శబ్దం వచ్చింది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే లోతైన నాదం, ఒక వైపు నుంచి, తర్వాత అన్ని వైపుల నుంచీ. వెలుతురు కాస్త తేరుకునేసరికి మాటుకు ఇరవై అడుగుల్లో ఒక పుంజు. మెడ మీది పొడుగు ఈకలు కొమ్ముల్లా నిలబెట్టింది. తోక విప్పింది. తల వంచి నేల మీద టపటపా కాళ్లు కొట్టింది, ఎంత వేగంగా అంటే కాళ్లు కనబడవు, ఎండుగడ్డి చప్పుడే వినబడుతుంది. మెడకు రెండు వైపులా నారింజ రంగు సంచులు ఉబ్బాయి, వాటి మీద సన్నటి ఎర్ర నరాలు. కళ్ల మీద పసుపు కనుబొమ్మలు. పక్క పుంజు హద్దు దాటగానే రెండూ గాల్లోకి ఎగిరి కాళ్లతో తన్నుకున్నాయి. పెట్టలు మాత్రం ఏమీ పట్టనట్టు గడ్డిలో గింజలు ఏరుకుంటూ మధ్యలోంచి నడిచిపోయాయి. ఆట మధ్యలో ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. పుంజులన్నీ నేలకు అంటుకుపోయాయి. ఒక హారియర్ గద్ద తక్కువ ఎత్తులో తేలుతూ దాటింది. అది పోయిన నిమిషానికి మళ్లీ నాదం మొదలైంది.

వెలుతురు చాలక కెమెరా సున్నితత్వాన్ని ఐఎస్ఓ 6400 దాకా పెంచాల్సి వచ్చింది, గ్రెయిన్ కనబడుతుంది. అయినా ఆ కాళ్లు మసకగా, కళ్లు స్పష్టంగా ఉన్న ఫ్రేమే నాకు కావాల్సింది. కాళ్లు కూడా గడ్డకట్టినట్టు వచ్చేలా షటర్ వేగం పెంచి తీసినవి కూడా ఉన్నాయి, వాటిలో ఆట లేదు.

ఆ ఫోటో చూసి నాయన చాలాసేపు మాట్లాడాడు. "మేం చిన్నగా ఉన్నప్పుడు బట్టమేక పిట్ట గూడా ఇట్లనే గొంతు ఉబ్బిచ్చేది. జొన్న చేలల్లో, కొర్ర చేలల్లో తిరుగుతా ఉండె. దాన్ని తీసుంటే బాగుండు పాపా." రోళ్లపాడు మా ఊరికి దూరం కాదు. ఆ బట్టమేక కోసమే 1988లో అక్కడి బీళ్లను అభయారణ్యం చేశారు. తర్వాతి సెలవుల్లో నాయనతో కలిసి వెళ్లాను. కృష్ణజింకలు మందలుగా ఉన్నాయి, పొద్దుటి పొగమంచులో మగ జింకల కొమ్ములు చాలా బాగా వచ్చాయి. బట్టమేక కనబడలేదు. దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే అంటున్నారు, వాటిలో చాలా భాగం రాజస్థాన్‌లోనే. బీడంటే ఖాళీ జాగా అనుకుని చెట్లు నాటడం, దున్నడం, పైన కరెంటు తీగలు లాగడం, అన్నీ కలిసి దాన్ని ఇంత దూరం తెచ్చాయి. వ్రేలో కోళ్లు తిరిగి పెరగడం కళ్లారా చూసి వచ్చిన నాకు, రోళ్లపాడు గడ్డిలో నిలబడితే కోపం, దుఃఖం రెండూ కలిగాయి. ఇప్పుడు ఆ జింకల ఫోటోలతో పాటు గడ్డి ఫోటోలు కూడా పెడుతున్నాను. ఏ నెలలో గడ్డి ఎంత ఎత్తు ఉంది, ఎక్కడ దున్నారు, ఎక్కడ తీగలు వచ్చాయి, తేదీ, చోటు రాసి పెడుతున్నాను. నేను లేనప్పుడు నాయన తన ఫోన్‌తో తీస్తున్నాడు. అడ్డంగా పట్టుకుని, దిగంతం వంకర లేకుండా తీయడం వచ్చేసింది ఆయనకు.

డెన్వర్‌లో ఉన్నవాళ్లు ఈ చలికాలం ఒక పొద్దున ఆర్సెనల్‌కు వెళ్లండి. పిల్లలకు బైనాక్యులర్ ఇవ్వండి, కారు మెల్లగా నడపండి. ప్రైరీ డాగ్‌ల బొరియల దగ్గర ఆగినప్పుడు వాళ్లకు ముంగిసలాంటి బ్లాక్ ఫుటెడ్ ఫెరెట్ సంగతి చెప్పండి. అంతరించిపోయిందనుకున్న ఆ జంతువును 1981లో వయోమింగ్‌లో ఒక పశువుల రైతు కుక్క పట్టుకొచ్చి ఇంటి ముందు పడేస్తే ఇంకా మిగిలి ఉందని తెలిసింది. 2015లో ఈ రెఫ్యూజ్‌లోనూ వదిలారు. అది తిరిగేది రాత్రిళ్లు, కాబట్టి మీకు కనబడకపోవచ్చు. కానీ అది ఉండేది ఆ బొరియల్లోనే.